క్లచ్చి పక్కన వేపపీట

నా కుడి కాలు మీద నాకు ఏనాడూ ఫిర్యాదు లేదు. బ్రేకు తొక్కమంటే తొక్కింది, వదలమంటే వదిలింది. నన్ను ఒక ఏడాది పాటు అందరి ముందూ దోషిని చేసి నిలబెట్టింది ఎడమ కాలు. ఆ సంగతి చెప్పేముందు ఒకటి ఒప్పుకోవాలి. నాకు కోపం ఎక్కువ. తప్పు నాది కాదని నమ్మితే ఎదుట ఉన్నది ఎవరో కూడా చూడను. నాదేనని తేలితే మాత్రం రెండు రోజులు అన్నం సహించదు. ఆ ఏడాది రెండూ జరిగాయి.

అప్పుడు కర్నూలు మనకు రాజధాని. నేను కడప నుంచి నంద్యాలకు బస్సు తోలేవాణ్ణి. అర్జీలు చంకలో పెట్టుకున్న రైతులు, కొత్తగా కొలువులు దొరికిన కుర్రవాళ్ళు, వాళ్ళకు ఊరగాయ జాడీలు మోసుకుపోయే తల్లులు మా బస్సులో నంద్యాల దాకా వచ్చి, అక్కణ్ణుంచి కర్నూలుకు రైలో ఇంకో బస్సో పట్టుకునేవారు. ఒకసారి ఎక్కితే నా బస్సులోనే ఎక్కాలనే వాళ్ళు కొందరు ఉండేవారు. ఆ మాట వినిపించినప్పుడల్లా నేను మీసం సవరించుకునేవాణ్ణి.

బస్సు మైదుకూరులో ఒక శెట్టిగారిది. నన్ను పనిలో పెట్టుకున్న ఏడాదికే ఆయన పోయారు. దుకాణం మూసేసినా ఆయన భార్య బస్సును మాత్రం అమ్మలేదు. ఊరంతా ఆమెను శెట్టెమ్మ అనేవారు, నేనూ అంతే. ఆడమనిషి బస్సు ఏం నడుపుతుందని అన్న చుట్టాలను ఆమె కాఫీ ఇచ్చి పంపేసింది. బస్సు మైదుకూరులో ఆగగానే కలశంతో నీళ్ళు తెచ్చి ముందు చక్రాలకు చల్లేది. స్టీరింగుకు పసుపు కుంకుమ పెట్టి ఊదుకడ్డీ తిప్పేది. డ్రైవరు కూర్చునే చోటు ఆమె లెక్కలో పూజగది. అక్కడ చెప్పుల కాలు మోపడానికి లేదు. నా చెప్పులు సీటు వెనక మేకుకు వేలాడేవి. ఎండాకాలమైనా వానాకాలమైనా నేను ఉత్త కాళ్ళతోనే తోలేవాణ్ణి. ఇందులో నాకు వింతేమీ అనిపించలేదు. మా ఇంట్లో కూడా నాగలి పట్టేముందు చెప్పులు గట్టున వదిలేవాళ్ళం.

ఆ కాలపు గేర్లు ఇప్పటి గేర్లలాగా చెప్పిన మాట వినేవి కావు. పై గేరు నుంచి కింది గేరుకు రావాలంటే ఒకసారి క్లచ్చి తొక్కి కడ్డీని మధ్యలోకి తేవాలి. క్లచ్చి వదిలి, ఇంజిను మోతను చెవితో కొలుచుకుంటూ పెంచాలి. మళ్ళీ తొక్కి, అప్పుడు గేరు దించాలి. మోత సరిగ్గా కుదిరితే వెన్నలో వేలు దిగినట్టు దిగేది. కుదరకపోతే లోపల పళ్ళు పళ్ళు కొరుక్కుని బస్సంతా అరిచేది, వెనక సీటులో పడుకున్న పిల్లలు లేచి ఏడ్చేవారు. నాకు అది చాలా అరుదుగా జరిగేది. జరిగిన రోజు మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడేవాణ్ణి కాదు.

మా బస్సుకు చిన్న చిన్న జబ్బులు లేకపోలేదు. దిగుడు వచ్చినప్పుడు మూడో గేరు దానంతట అదే ఊడి మధ్యలోకి వచ్చేసేది. అందుకని దిగుళ్ళలో మా కండక్టరు టిక్కెట్లు కొట్టడం ఆపి, ముందుకు వచ్చి, గేరు కడ్డీని రెండు చేతులతో అదిమి పట్టుకుని నిలబడేవాడు.

"మా ఇంటిదాని చెయ్యి గూడ ఇంతసేపు పట్టుకున్యా పాపాన పోల్యా నేను" అనేవాడు. ముందు సీట్లలోని ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వేవారు.

అలాంటివన్నీ నవ్వుతూ గడిపేసిన బస్సు ఆ ఏడు క్లచ్చి ప్లేట్లు తినడం మొదలుపెట్టింది. అంతకుముందు ఒక ప్లేటు రెండేళ్ళకు పైగా వచ్చేది. ఆ ఏడు ఉగాదికి ఒకటి పోయింది, ఎండలు ముదిరాక ఇంకొకటి పోయింది. ముందు ఇంజిను గట్టిగా అరిచేది, బస్సు మాత్రం కదలనా వద్దా అన్నట్టు పోయేది. తరవాత వెంట్రుకలు కాలిన కమురు వాసన లేచేది. ఆ వాసన వస్తే ఇక ఆ ప్లేటు మీద ఆశ వదులుకోవాల్సిందే. మూడోది దువ్వూరు దగ్గర కాలిపోయింది. ప్రయాణికులందరూ దిగి పసుపు చేల పక్కన నడిచారు. కర్నూలులో అర్జీ ఇవ్వాల్సిన ఒక పెద్దాయన నడుస్తూ నడుస్తూ వెనక్కి తిరిగి నన్ను ఒక చూపు చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది.

నేను కడపలో విడిభాగాలు అమ్మే దుకాణం మీద పడ్డాను. నాసిరకం ప్లేట్లు అంటగడుతున్నారని బజారంతా వినేలా అరిచాను. అంతకుముందు కాలిపోయిన రెండో ప్లేటును వాళ్ళ గల్లాపెట్టె మీద విసిరికొట్టాను. ఆ దుకాణదారు పాపం మెత్తని మనిషి. అదే రకం ప్లేట్లు ఇంకా పది బస్సులకు పోయాయనీ, ఒక్కటీ తిరిగి రాలేదనీ మెల్లగా చెప్పాడు. నేను వినలేదు. వినే స్థితిలో ఉంటే అసలు అక్కడికి పోయేవాణ్ణే కాదు.

ఆ సాయంత్రమే శెట్టెమ్మ నన్ను అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. మజ్జిగ తాగేదాకా ఆగి, అప్పుడు చెప్పింది.

"నాయనా, నీ మీద నాకు కోపం ల్యా. అయితే ఇంకొక ప్లేటు కాలినాదంటే ప్రొద్దుటూరు నుంచి వేరే డ్రైవరును పిలిపించుకుంటా. ఆయన ఇచ్చిపోయింది నాకు ఈ బండి ఒక్కటే. అది దావలో నిలబడిపోతాంటే నాకు ఆయననే నడిరోడ్డులో దించినట్టు ఉండాది."

నేను గ్లాసు కింద పెట్టి లేచి వచ్చేశాను. ఇంటికి వచ్చి నా భార్య మీద అరిచాను. ఆమె అన్నం వడ్డించింది. బస్సు పోతే ఏ బండి తోలతానన్న బెంగ ఒకవైపు ఉంది. అంతకన్నా పెద్ద బాధ ఇంకొకటి. ఎద్దుల బండి ఇంట్లో పుట్టినవాడికి మోటారు తోలడం రాదని నాలుగూళ్ళలో చెప్పుకుంటారు. ఆ మాట నేను భరించలేను.

మర్నాడు బస్సును ఒక లారీ వెనక కట్టించి కడపలో మిస్త్రీ సాయిబు షెడ్డుకు తీసుకుపోయాను. యుద్ధకాలంలో బొగ్గు గ్యాసుతో నడిచే రోజుల నుంచీ ఆ బస్సును బాగుచేసింది ఆయనే. పెద్ద వయసు మనిషి, తొందర అనేది తెలియదు. బస్సు కింద పడుకుని గేరుపెట్టె దించి, కాలిన ప్లేటు బయటికి తీసి, ఎండలో పట్టుకుని చూశాడు. నా చేతిలో పెట్టాడు. పళ్ళెం అంచు చుట్టూ ఉండే మెత్తని పట్టీ నల్లగా మాడి గాజులా మెరుస్తోంది.

"ప్లేటు మంచిదే. నీ తొక్కుడు మంచిది కాదు" అన్నాడు.

"నాకు క్లచ్చి తొక్కడం నేర్పిస్తాండావా మిస్త్రీ?"

"కోపం తర్వాత పడుదువు. చెయ్యి ఇట్ల ఇయ్యి."

నా అరచేతిని ఆయన రెండు అరచేతుల మధ్య పెట్టుకున్నాడు.

"ఈ చెయ్యి ఇంజిను చక్రం. అది తిరుగుతానే ఉంటాది. ఈ చెయ్యి దాన్ని నొక్కి పట్టే స్ప్రింగులు. మధ్యలో నీ చెయ్యి ప్లేటు. గట్టిగా పట్టుకున్యానా, నేను యాడికి తిప్పితే నువ్వూ ఆడికి వస్తావు." తిప్పాడు. నా చెయ్యే కాదు, నా భుజం కూడా తిరిగింది. "వదిలేసినానా, నా దారి నాది, నీ దారి నీది. ఈ రెండిట్లో ఏదీ కాలదు. ఇప్పుడు చూడు."

ఈసారి సగం పట్టుకుని రుద్దాడు. ఆయన చేతులు రంపంలా ఉన్నాయి. పది లెక్కపెట్టేలోపు నా అరచేయి చుర్రుమంది. చెయ్యి లాక్కున్నాను.

"సగం పట్టు, సగం వదులు. చెడేది ఆడ. పెడలు మీద కాలు ఊరికే ఆనించినా చాలు, స్ప్రింగుల పట్టు సడలుతాది, ప్లేటు జారుతాది. నువ్వు గేరు మార్చినాక గూడ కాలు పెడలు మీదనే పెట్టుకోని తోలతాండావు."

"దేవుని కడప స్వామి మీద ఒట్టు. నేను పెట్టను. అది మొదటి రోజు నేర్చుకునే సంగతి."

నేను అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే పెట్టనని నమ్మాను. మిస్త్రీ నా ముఖంలోకి కాసేపు చూసి, కొత్త ప్లేటు బిగించాడు. పెడలును వేలితో నొక్కి, పైన ఒక అంగుళం మేర ఖాళీగా ఆడుతోందో లేదో చూసుకున్నాడు. రేపు తనకూ నంద్యాలలో పని ఉందని, బస్సులో వస్తానని చెప్పాడు.

మర్నాడు పొద్దున కడపలో నేను బస్సెక్కేసరికి నా సీటు వెనక అడ్డ కమ్మీకి ఒక నిమ్మకాయ వేలాడుతోంది. దాని పక్కన నిలువు కమ్మీ మీద సుద్దముక్కతో గీసిన గీత ఒకటి ఉంది.

"దిష్టికి కట్టినా" అన్నాడు మిస్త్రీ. సాయిబు నాకు దిష్టి తీయడమేమిటని అనుమానం రావాలి. రాలేదు. నా మంచి కోరి కట్టాడని సంతోషించి, ఆయనకు ముందు సీటు చూపించాను.

ఆ రోజు ఎంత బాగా తోలానో నాకే తెలుసు. ఒక్క గేరూ అరవలేదు. ఖాజీపేట దాటింది, మైదుకూరు వచ్చింది, శెట్టెమ్మ పూజ చేసి లోపలికి పోయింది. మైదుకూరు దాటిన కాసేపటికి వెనక ఎవరో కిసుక్కుమన్నారు. తరవాత ఇద్దరు ముగ్గురు. ఒక ముసలామె, "అదో, ఇంకా దిగల్యా" అంది. ఏది దిగలేదో నాకు తెలియదు. మూట ఏదైనా టాపు మీద మర్చిపోయారేమో అనుకున్నాను. నవ్వులు పెరిగాయి. దువ్వూరులో బస్సు ఆపి, వెనక్కి తిరిగి, నా మామూలు గొంతుతో అడిగాను.

"ఏందప్పా ఆ నవ్వులు? డ్రైవరు ముఖానికేమన్నా మసి అంటుకోనుండాదా?"

మా కండక్టరు నిమ్మకాయ వైపు చూపు విసిరి టిక్కెట్ల పుస్తకంలో తల దూర్చాడు. మిస్త్రీ నన్ను సీటులోంచి లేపి చూపించాడు. నిమ్మకాయ కట్టిన నల్లదారం కమ్మీ మీదుగా కిందికి దిగి, నా సీటు వెనక కన్నంలోంచి బస్సు కిందికి పోయి, క్లచ్చి పెడలు కాడకు కట్టి ఉంది. ఆయన పెడలును చేత్తో రవ్వంత నొక్కాడు. నిమ్మకాయ గీత దాటి పైకి లేచింది. వదిలాడు, దిగింది. మైదుకూరు నుంచి దువ్వూరు దాకా గేర్లు మార్చే పనిలేని చదునైన దారిలో ఆ నిమ్మకాయ పైనే ఉండటం, మిస్త్రీ ముందే సంగతి చెవిలో వేసి ఉంచాడేమో, బస్సులో నేను తప్ప అందరూ చూశారు.

నా చెవులు కాలిపోయాయి. ముందు కోపం వచ్చింది. నలుగురి ముందు నన్ను ఆటబొమ్మను చేశాడని మిస్త్రీని పట్టుకుని కడిగేద్దామనుకున్నాను. అంతలో స్వామి మీద వేసిన ఒట్టు గుర్తొచ్చింది. నాకు తెలియకుండానే నేను అబద్ధాలకోరునయ్యాను. ఆ క్షణంలో నాకు కలిగినంత సిగ్గు నా పెళ్ళిచూపుల్లో కూడా కలగలేదు.

మిస్త్రీ మాత్రం నవ్వడం లేదు. ఏదో లెక్క తెగని మనిషిలా గడ్డం నిమురుకుంటున్నాడు.

"ఒకటి అర్థం కాలేదప్పా. కడప నుంచి ఖాజీపేట దాకా కాయ దిగే ఉండాది. నువ్వు చెప్పింది నిజమే, నీ కాలు పెడలు మీద ల్యా. మైదుకూరు ముందర రెండు మూడు సార్లు లేచినాది. దాటినాక ఇంక దిగనే ల్యా. పొద్దున బుద్ధిగా ఉన్యా కాలికి ఎండెక్కితే ఏమి రోగం?"

కూర్చుని ఎడమ కాలు కింద మోపమన్నాడు. మోపాను. మోపిన కాలు నేను అనుకోకుండానే ఎగిరి పెడలు మీద కూర్చుంది. కాళ్ళ కింద పరిచిన ఇనుప రేకు పెనంలా కాలుతోంది. మిస్త్రీ అరచేయి ఆనించి వెంటనే తీసుకున్నాడు. కింద గేరుపెట్టె, దాని పక్కనే పొగగొట్టం. ఆ వేడంతా రేకులోకి ఎక్కుతోంది. చెప్పులు లేని కాలు పాపం ఎక్కడికి పోతుంది? దానికి దొరికిన చల్లని చోటు పెడలు ఒక్కటే.

"ఈడ ముందు చెక్క పలకలు ఉండె గదా?" అన్నాడు మిస్త్రీ. "ఈ రేకు వేయించింది ఎవురు?"

కండక్టరు ఈసారి పుస్తకంలో తల దూర్చలేదు. నా వైపే చూశాడు.

వేయించింది నేనే. పోయిన వానాకాలం పోగానే, పలకల సందుల్లోంచి దుమ్ము లేచి నా తెల్లపంచె ఎర్రబడుతోందని, పట్టుబట్టి రేకు వేయించాను. "ఆయన వేయించిన పలకలు నాయనా, ఉండనీలే" అని శెట్టెమ్మ అంటే, మోటారు సంగతి నాకు వదిలేయమని దబాయించాను. ఆ పలకలను ఇంటికి తీసుకుపోయాను. వాటితో మా ఇంట్లో రెండు వారాలు నీళ్ళు కాగాయి. ప్లేట్లు కాలడం మొదలైంది ఆ తరవాతే. దుకాణదారు మీద విసిరిన ప్లేటు ఆ పూట వచ్చి నా నెత్తిన పడింది. నంద్యాల దాకా ఎడమ కాలును సీటు మీదికి మడిచి పెట్టుకుని, గేరు మార్చాల్సినప్పుడు మాత్రం దించుతూ తోలాను. నిమ్మకాయ లేచినప్పుడల్లా వెనక ఒక చిన్నపిల్ల చప్పట్లు కొట్టింది. నంద్యాల చేరేసరికి నాకూ నవ్వొచ్చింది.

తిరుగు ప్రయాణంలో మధ్యాహ్నం మూడు దాటాక మైదుకూరు చేరాం. శెట్టెమ్మకు జరిగింది నేనే చెప్పాలని మిస్త్రీకి ముందే చెప్పాను. ఆమె గడపలో నిలబడి అంతా చెప్పాను. రేకు సంగతి, పలకలు పొయ్యిలోకి పోయిన సంగతి కూడా దాచలేదు. ఆమె గబగబా వచ్చి బస్సెక్కి, వంగి, రేకు మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేసింది.

"దీని మీదనా నాయనా నువ్వు ఏడాది నుంచి కాలు పెడతాండేది? చెప్పల్యాకపోతివా?"

"నాకే తెలియదమ్మా" అన్నాను. అది నిజం.

"చెప్పులేసుకోని తోలనీమ్మా" అన్నాడు మిస్త్రీ. ఆమె తల అడ్డంగా ఊపింది. తడిపిన గోనెపట్ట వేద్దామన్నాడు కండక్టరు. అది జారి పెడళ్ళ కింద ఇరుక్కుంటే బ్రేకు పడదని మిస్త్రీ ఒప్పుకోలేదు. రేపు కొత్త పలక కోయించుకొస్తానని నేనన్నాను. ఈ మాటలు జరుగుతుండగానే శెట్టెమ్మ లోపలికి పోయింది. తిరిగి వచ్చేటప్పుడు ఆమె చేతుల్లో ఒక పీట ఉంది.

ఆ పీట నాకు తెలుసు. వేపపీట, రెండంగుళాల మందం. శెట్టిగారు దాని మీద కూర్చునే భోజనం చేసేవారు. ఆయన పోయాక వంటింటి గోడకు ఆనించి ఉండేది. ఇంటికి ఎంతటి చుట్టాలొచ్చినా దాని మీద ఎవరినీ కూర్చోనిచ్చేది కాదు. పండగలకు కడిగి బొట్టు పెట్టేది.

"మా చేని వేపచెట్టు గాలికి పడిపోతే ఆయన దాంతోనే బండికి పలకలు కోయించినాడు. మిగిలిన ముక్క ఇది" అంది. "అదే చెట్టుది. సరిపోతాది."

"వద్దమ్మా" అన్నాను. "ఆయన కూర్చున్న పీట మీద నేను కాలు పెట్టలేను."

"కూర్చున్నన్ని పొద్దులూ ఆయన ఈ బండి సంగతి తప్ప ఇంకొకటి మాట్లాడల్యా. అన్నం చల్లారిపోతాందని నేను అరిచేదాన్ని. పెట్టు."

పక్కింటి వడ్రంగి వచ్చి పెడలు కాడ దిగడానికి వీలుగా పీట ఒక మూల రంపంతో కోశాడు. రంపం ఆడుతున్నంతసేపూ ఆమె అక్కడే నిలబడి ఉంది. ముఖం తిప్పుకోలేదు. కోసిన మూల ముక్కను మాత్రం కొంగులో ముడేసుకుంది. మిస్త్రీ పీటకు కాళ్ళు తీయించి, నాలుగు మరలతో రేకుకు బిగించాడు. నేను దానికి ఒకసారి దండం పెట్టి ఎడమ కాలు మోపాను.

ఖాజీపేటలో చెల్లెల్ని చూసి రావాలని చెప్పి శెట్టెమ్మ కూడా ఎక్కింది. చెల్లెలు మొన్ననే వచ్చి పోయిందని కండక్టరుకూ నాకూ తెలుసు. ఆమె నా వెనక సీటులో కూర్చుని నిమ్మకాయనే చూస్తోంది. పగలంతా కాగిన బస్సు, దారి చదును. నాలుగో గేరు పడ్డాక నా ఎడమ కాలు పీట మీదికి తనంతట తానే వచ్చి పడుకుంది. నేను దాన్ని బెదిరించలేదు, బతిమాలలేదు. వెనక నుంచి ఎవరూ నవ్వలేదు. ఒక్కసారి మాత్రం మిస్త్రీ గొంతు వినిపించింది.

"దిగే ఉండాదమ్మా."

"చూస్తానే ఉండా" అందామె.

ఖాజీపేటలో బస్సు ఆగింది. నేను పక్కకు దిగి ఆమెకు దారి ఇచ్చాను. ఆమె దిగబోతూ ఆగి, నా సీటు దగ్గర వంగి, పీట మీద అరచేయి పెట్టింది. కాలిందేమోనని నేను భయపడ్డాను. ఆమె చెయ్యి తీయలేదు.

"వెచ్చగా ఉండాది" అంది. "ఆయన తిని లేచిపోయినాక పీట ఎత్తబోతే ఇట్లనే ఉండేది."

కండక్టరు అలవాటుగా విజిలు నోట్లో పెట్టుకున్నాడు. నేను చెయ్యెత్తి వద్దన్నాను. ఆమె చెయ్యి తీసేదాకా బస్సు అక్కడే ఆగింది.